కొండ దిగితే కరెంటు

గ్రిందెదాల్ లోయలో అరవై దాటిన ఆడవాళ్ళు ఊలు స్వెట్టర్లు అల్లుతారు, చర్చి పాటల బృందంలో చేరతారు, ఒకరి మోకాళ్ళ గురించి ఒకరు అడిగి తెలుసుకుంటారు. తోర్గున్ స్కార్బోకి ఇవేవీ పట్టలేదు. అరవై ఒకటో ఏట ఆమె మోటారుసైకిలు తయారు చేసింది. అదీ కరెంటుది.

దాన్ని చూసి నవ్వనివాళ్ళు లేరు. ఫ్రేము తండ్రి నాటిది. ఇంజను తుప్పు పట్టి రాయైపోతే, గొడ్ల కొట్టం వెనక నలభై ఏళ్ళు కోళ్ళు దాని సీటు మీద పడుకున్నాయి. మోటారేమో తపాలా వాళ్ళు ఇక చాల్లెమ్మని వేలం వేసిన మూడు చక్రాల బండిది. బ్యాటరీ తుక్కు కింద అమ్మేసిన కారులోంచి పీకింది. పక్కన తొట్టిలాంటి సైడ్ కారు మాత్రం తనే ఇనప గొట్టాలు వంచి, వెల్డింగు చేసి తగిలించుకుంది.

"ఇదేం బండి, నాలుగు శవాలు కలిసి లేచొచ్చినట్టుంది" అన్నాడు పక్కింటి షూర్.

"మంచిదేగా. నీలాంటివాళ్ళు దడుచుకుని దారి ఇస్తారు" అంది తోర్గున్.

యంత్రాలు ఆమెకి కొత్త కాదు. ఇరవై రెండో ఏట ఫెర్రీ ఇంజను గదిలోకి దిగిన మనిషి ముప్పై ఆరేళ్ళకి గానీ పైకి రాలేదు. సముద్రపు పాయకి ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డుకి రోజుకి పద్దెనిమిది సార్లు. కింద డీజిలు మోతలో తను, పైన కార్లలో కూర్చుని కాఫీ తాగుతూ లోకం. మధ్యలో ఒకతను పెళ్ళి చేసుకుంటానని వచ్చాడు. మంచివాడే. కాకపోతే "ఆ నూనె కొంపలోంచి బయటపడితే మనం హాయిగా ఉంటాం" అన్నాడు. ఆ నూనె కొంపే తనకి హాయి అని చెప్పడానికి తోర్గున్‌కి రెండు నిమిషాలు పట్టింది. అర్థం చేసుకోవడానికి అతనికి రెండేళ్ళు పట్టింది.

చివరి ఏడేళ్ళు ఫెర్రీ కరెంటుకి మారింది. మోత పోయింది, పొగ పోయింది. తోటివాళ్ళు బెంగ పెట్టుకున్నారు గానీ, తోర్గున్ చిన్నపిల్లలా గంతులేసింది. ఆ కొత్త చదువంతా పట్టుబట్టి నేర్చుకుంది. ఆ ఓడలో ఒకటే శాసనం: రేవు తగలగానే తీగ తగిలించు. ఐదు నిమిషాలు దొరికితే ఐదు నిమిషాలే, ఛార్జింగు పెట్టకుండా రేవు వదలకూడదు. ఆ మాట ఆమెకి ఒంటబట్టింది. ఫోనైనా సరే, గడ్డి కోసే యంత్రమైనా సరే, ఊరికే పడి ఉంటే ఆమె చెయ్యి ప్లగ్గు కోసం వెతికేది. ఆ తర్వాత కొండల కింద సొరంగం పడింది, ఫెర్రీ ఆగిపోయింది. ఒక కేకు కోసి, చప్పట్లు కొట్టి, ఆమెని ఇంటికి పంపించేశారు.

బండి మొదలుపెట్టింది చేతులు ఊరుకోక. పిచ్చి పట్టింది మాత్రం ఏప్రిల్లో, రీజెన్ పని చేసిన రోజున.

రీజెన్ అంటే రీజెనరేటివ్ బ్రేకింగు. బండి ఎడమ హ్యాండిలు దగ్గర బొటనవేలితో నొక్కే చిన్న మీట ఒకటి పెట్టుకుంది. అది నొక్కితే మోటారు పని తిరగబడుతుంది. చక్రాన్ని తిప్పడం మానేసి, చక్రం చేత తనే తిప్పించుకుంటుంది. సైకిలు డైనమో చక్రాన్ని పట్టుకుని లైటు వెలిగిస్తుంది చూడండి, అదే పెద్ద ఎత్తున. బండి నెమ్మదిస్తుంది, ఆ తగ్గిన వేగం కరెంటై బ్యాటరీలోకి పోతుంది. మామూలు బ్రేకైతే ఆ వేగాన్నంతా వేడిగా మార్చి గాలికి వదిలేస్తుంది.

ఆ రోజు చర్చి దగ్గర దిగుడులో మీట నొక్కింది. ఎవరో వెనక నుంచి నడుము పట్టుకుని ఆపినట్టు బండి మెత్తగా ఆగింది. హ్యాండిలు మీది చిన్న తెరలో, ఇన్నాళ్ళూ తగ్గడమే తప్ప పెరగడం ఎరగని బ్యాటరీ శాతం, ఒకటి పెరిగింది. తోర్గున్ బండి తిప్పి మళ్ళీ పైకెక్కింది, మళ్ళీ దిగింది. పదిహేను సార్లు. పదహారోసారి హెల్మెట్ తీసి పాతికేళ్ళ పిల్లలా కేక పెట్టింది.

"కొండ దిగుతుంటే కరెంటు పుడుతోందర్రా!"

పాటల బృందం సాధన ఆపి కిటికీలోంచి తొంగిచూసింది. ఆ వారమంతా కొట్లో, బస్టాపులో, దంతాల డాక్టరు కుర్చీలో నోరు తెరుచుకుని కూడా ఆమె అదే చెప్పింది. ఊరికి విసుగొచ్చింది. "కొండ మనకి వెయ్యేళ్ళ నుంచి ఉంది తోర్గున్, నువ్వేదో ఇవాళే కొనుక్కొచ్చినట్టు మాట్లాడకు" అంది కొట్టు యజమానురాలు.

కొండ వెయ్యేళ్ళ నుంచి ఉన్నా, ఆ ఏడు దాంతో అసలైన అవసరం పడింది తోర్గున్ అక్కకి.

అక్క పేరు బోర్గిల్, అరవై ఏడేళ్ళు. ఊరి మీద ఆరువందల నలభై మీటర్ల ఎత్తున వాళ్ళ వేసవి మేతబయలు ఉంది. దాన్ని స్టోల్ అంటారు. జూన్‌లో ముప్పై ఎనిమిది మేకలతో పైకెక్కితే బోర్గిల్ సెప్టెంబరుకి గానీ దిగదు. విరిచిన పాలలోంచి వడగట్టిన తేటని పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కట్టెల పొయ్యి మీద కాచి, పాకంలా ముదిరి గోధుమరంగుకి వచ్చాక అచ్చుల్లో పోస్తుంది. ఆ చీజ్ రెండు రోజులకోసారి కిందకి, ఊళ్ళోని చల్లని పాల గదికి చేరాలి. లేకపోతే బూజే. ఇరవై ఏళ్ళుగా దాన్ని మోసింది షూర్ గుర్రం. మలుపుల దారి మొదట్లో ఉన్న దుంగల వంతెన ట్రాక్టరు బరువు మోయలేదు, గుర్రాన్నైతే మోస్తుంది. కిందటి శరదృతువులో గుర్రం ముసలిదై చచ్చిపోయింది. బోర్గిల్ తుంటి ఎముకేమో అప్పటికే అరిగింది. వీపున కట్టుకుని దిగే రోజులు పోయాయి.

"మేకల్ని అమ్మేస్తున్నానే" అంది బోర్గిల్ వసంతంలో, బంగాళాదుంపల ధర చెబుతున్నంత మామూలుగా. "జూన్ రెండో సోమవారం బేరగాడు వచ్చి తోలుకుపోతానన్నాడు."

"నా బండి మోస్తుందక్కా!"

"దారి సంఘం ఒప్పుకోవద్దూ?"

అదీ చిక్కు. ఆ దారి మీద పెత్తనం దారి సంఘానిది. సంఘానికి పెద్ద అన్ఫిన్ బ్యోస్టాద్, డెబ్భై ఎనిమిదేళ్ళ వాడు, మాట అన్నాడంటే రాతి మీద గీత. నాలుగేళ్ళ కిందట ఆయన కొడుకు పెట్రోలు మోపెడ్‌కి బరువు కట్టుకుని ఆ పన్నెండు మలుపులూ దిగాడు. ఏడో మలుపు దగ్గర బ్రేకులు కాగిపోయి పట్టు వదిలేశాయి. కుర్రాడు బండరాయికి గుద్దుకున్నాడు. బతికాడు గానీ ఇప్పటికీ కుంటుతాడు. మోపెడ్‌ని వాడి మీద నుంచి లాగబోయి అన్ఫిన్ కాలిన బ్రేకు డిస్కు పట్టుకున్నాడు. కుడి అరచేతిలో ఆ మచ్చ గుండ్రంగా అలాగే ఉంది. ఆ ఏడు నుంచి బరువుతో మోటారు బండి ఏదీ ఆ దారి దిగకూడదని కట్టుబాటు.

తోర్గున్ ఆయన వంటింట్లో కూర్చుని రెండు గంటలు రీజెన్ గురించి చెప్పింది. కాగితం మీద బొమ్మలు గీసింది. అన్ఫిన్ కాఫీ తాగుతూ విన్నాడు.

"అమ్మాయ్, నాకు బొమ్మలు తెలీవు" అన్నాడు చివరికి. అరవై ఒకటి నిండిన మనిషిని అమ్మాయ్ అనేవాడు ఊళ్ళో ఆయనొక్కడే. "దుగ్నాద్ రోజున వంద కిలోల బరువేసుకుని పైనుంచి దిగు. నేను వంతెన దగ్గర ఉంటా. దిగిన వెంటనే నీ బ్రేకు డిస్కు మీద ఈ చెయ్యి పెడతా. పది లెక్కపెట్టేదాకా ఉంచగలిగితే దారి గేటు తాళంచెవి నీది. ఉంచలేకపోతే ఇంకోసారి నా దగ్గర ఆ మాట ఎత్తకు."

"పది కాదు బాబాయ్, వంద లెక్కపెట్టుకో!"

"పది చాలు. ఐదింటికి నేను పాలు పిండుకోవాలి."

దుగ్నాద్ అంటే ఊరంతా కలిసి జీతం లేకుండా చేసే పని. ఏటా జూన్ మొదటి శనివారం అందరూ ఆ దారి ఎక్కి రాళ్ళు ఏరి, కాలువలు తవ్వి, పైన స్టోల్ దగ్గర వాఫెల్స్ అనే గళ్ళ అట్లు తిని దిగుతారు. దారి సంగతి ఏదైనా ఆ రోజు తేలాల్సిందే. తేలకపోతే మళ్ళీ ఏడాదికే. మేకల బేరగాడు వచ్చేది ఆ మరుసటి సోమవారం కాక ఆపై సోమవారం. అంటే తోర్గున్‌కి దొరికింది ఒకే ఒక్క దిగుడు.

శనివారం పొద్దున ఎనిమిదింటికి, ఊరి పని కోసం తీసి ఉంచిన దారి గేటు దాటి, ఆమె ఖాళీ సైడ్ కారుతో ఎక్కింది. బ్యాటరీ నూరు శాతంతో బయల్దేరి డెబ్భై ఆరుతో స్టోల్ చేరింది. సరిగ్గా లెక్కేసుకున్నట్టే. దిగేటప్పుడు పది శాతం దాకా తిరిగొస్తుందని ఆమె లెక్క. బండి గడ్డి వాకిట్లో నిలిపి, పార భుజాన వేసుకుని కాలువ తవ్వడానికి పోయింది. ఆ రోజు ఆమె తవ్విన వేగం చూసి షూర్ "కాలువలో కూడా కరెంటు పుడుతోందా అక్కా?" అని అడిగాడు.

మూడు గంటలకి పని ముగిసింది. దారిలో ఏరిన రాళ్ళనే మేకల తూనిక మీద తూచి, సరిగ్గా వంద కిలోలు సైడ్ కారులో నింపారు. అన్ఫిన్ ముందే దిగి వంతెన దగ్గరికి పోయాడు. బోర్గిల్ వాకిట్లో బల్ల వేసి వాఫెల్స్ పెనం వేడెక్కిస్తోంది. పక్క వాగు మీద షూర్ తండ్రి పెట్టిన చిన్న టర్బైను స్టోల్‌కి ఒక దీపం, ఒక పెనం నడిచేంత కరెంటు ఇస్తుంది. అంతకు మించి ఇవ్వదు.

తోర్గున్ హెల్మెట్ పెట్టుకుని బండి ఎక్కింది. వాకిలి నుంచి స్టోల్ గేటు దాకా చిన్న వాలు. బండిని వదిలి, బొటనవేలితో మీట నొక్కింది.

ఏమీ కాలేదు. బండి తన మానాన తను దొర్లుతోంది.

గట్టిగా నొక్కింది. ఊహూఁ. కాలు నేల మీద ఆనించి గడ్డిలోకి తిప్పి ఆపుకుని తెర వంక చూసింది. నూరు శాతం.

"ఎవరు? ఎవరు దీనికి ఛార్జింగు పెట్టింది?"

"నేనే" అంది బోర్గిల్, గరిటె పట్టుకుని, ముఖం వెలిగిపోతూ. "నువ్వు వచ్చిన దగ్గర్నుంచీ టర్బైను తీగ తగిలించే ఉంచా. ఇందాకే తీశా. నువ్వేగా చలికాలమంతా నా చెవిలో పోరావు? రేవు తగలగానే తీగ తగిలించు, ఛార్జింగు లేకుండా రేవు వదలకు. చూడు, గొంతు దాకా నింపా!"

అక్కని ఏమనడానికి లేదు. ఓడ నీళ్ళ మీద పోతుంది, నీళ్ళకి వాలు ఉండదు. నిండుగా బయల్దేరడమే అక్కడ తెలివి. కొండ మీద మాత్రం అంతకన్నా తెలివితక్కువ పని లేదు. నిండిన కుండలో ఇంకో చెంబు పోస్తే పడుతుందా? బ్యాటరీ నిండితే, మితిమీరకుండా దాన్ని కాచే కాపలా పెట్టె తలుపు మూసేస్తుంది, రీజెన్ ఆగిపోతుంది. ఇక మిగిలేవి మామూలు బ్రేకులు. వాటితో దిగొచ్చు, దిగితే మూడో మలుపుకే డిస్కులు కాలతాయి. అన్ఫిన్ చెయ్యి మళ్ళీ అదే చోట కాలుతుంది.

ముప్పై ఆరేళ్ళు యంత్రాల మధ్య బతికిన మనిషి, ఈ సంగతి ఒక్కసారైనా తన నోటితో చెప్పలేదు. చెప్పాలని తోచనైనా లేదు. తన మీద తనకి వచ్చిన కోపానికి హెల్మెట్ తీసి గడ్డిలో విసిరికొట్టింది.

"నేను చేసింది తప్పా?" అంది బోర్గిల్. ముఖంలో వెలుగు పోయింది.

"నీది కాదక్కా, నాది. ఇప్పుడిందులో చోటు కావాలి. పది శాతం తీసెయ్యాలి ఎలాగోలా."

"చక్రం గాల్లోకి లేపి తిప్పేస్తే పోదూ?" అన్నాడు షూర్.

"బరువు లేకుండా తిరిగితే పిచ్చుక తిన్నట్టు తింటుంది. పొద్దు గుంకుతుంది."

"వాకిట్లో చుట్లు కొట్టు."

"నాలుగడుగులు పోతే బురద. వంద కిలోల రాళ్ళతో అందులో దిగితే నన్ను నువ్వు మోసుకుపోవాలి."

బల్ల మీద పెనం నుంచి వెన్న మాడుతున్న వాసన వచ్చింది. బోర్గిల్ "అయ్యో" అంటూ పరిగెత్తి వాఫెల్ తిప్పింది. పెనం మీద ఎర్ర దీపం వెలిగింది.

తోర్గున్ ఆ దీపం వంక చూసింది. తర్వాత సైడ్ కారు వంక చూసింది. సీటు కింద ఒక పెట్టె ఉంది. వాగు ఎండిన రోజుల్లో అక్క పాలు చిలికే మోటారు తిప్పుకోడానికి, బ్యాటరీ కరెంటుని ఇంటి కరెంటుగా మార్చే పెట్టె. ఆ పెనం గంటకి ఒక యూనిట్ తింటుంది. కొండ ఇచ్చే ఆ పది శాతం అర యూనిట్ కన్నా కాస్త తక్కువ.

"అక్కా! ఆ పెనం టర్బైను నుంచి పీకి ఇటు తే!"

"దేనికే?"

"మనం కొండని తినేద్దాం!"

ఆ తర్వాత గడిచిన అరగంట లాంటిది గ్రిందెదాల్ చరిత్రలో మరెప్పుడూ లేదు. బండి పక్కకి బల్ల లాగారు, పెనం తీగని సీటు కింద గుచ్చారు. బోర్గిల్ పిండి పోస్తోంది, తోర్గున్ దీపం చూస్తోంది. దీపం ఆరితే పెనం కరెంటు తినడం ఆపుతుంది గనక, ఆరకముందే కొత్త పిండి పడాలి. "పొయ్యి! పొయ్యక్కా! ఆరిపోతోంది!" అని ఆమె అరుపులు. తీసిన వాఫెల్‌ని ఎవరో ఒకరు మింగాలి, లేకపోతే పెట్టే చోటు లేదు. స్ట్రాబెర్రీ జామ్ పది నిమిషాల్లో అయిపోయింది. తర్వాత ఉత్తవే తిన్నారు. షూర్ పదకొండోది తిని గడ్డిలో వెల్లకిలా పడ్డాడు.

"ఇంక నా వల్ల కాదు. నా కాపలా పెట్టె కూడా తలుపు మూసేసింది."

"నోరు తెరువు! ముప్పై ఎనిమిది మేకల ప్రాణం నీ కడుపులో ఉంది!" అంది తోర్గున్.

తొంభై ఏడు. తొంభై అయిదు. తొంభై మూడు. కింద నుంచి అన్ఫిన్ ఫోన్ చేశాడు.

"ఏమ్మాయ్, దిగుతున్నావా, కాపురం పెట్టావా అక్కడ?"

"వాఫెల్స్ తింటున్నాం బాబాయ్!"

"సిగ్గు లేదూ? నాలుగున్నరకి నేను పోతా. ఒక్క నిమిషం ఆగను."

గిన్నె అడుగు గీకి బోర్గిల్ చివరి వాఫెల్ పోసింది. అది ఆమె అరచెయ్యంత కూడా రాలేదు. స్టోల్‌లో ఇంక పిండి లేదు, గుడ్లు లేవు. తెర మీద తొంభై ఒకటి. కావలసింది పది శాతం చోటు, దొరికింది తొమ్మిది. గడియారం నాలుగు దాటి రెండు నిమిషాలు.

"చాలుతుందా?" అంది బోర్గిల్.

"చాలాలి" అని తోర్గున్ హెల్మెట్ తుడుచుకుని పెట్టుకుంది.

ఈసారి గేటు దగ్గర మీట నొక్కగానే బండి బుద్ధిగా తల వంచింది. మొదటి మలుపు. వంద కిలోల రాళ్ళు వెనక నుంచి తోస్తుంటే మోటారు సన్నగా పాట అందుకుంది. కంకర చక్రాల కింద గలగలమంది. రెండు, మూడు. కుడిచేతి వేళ్ళు బ్రేకు మీదకి వాటంతటవే పోతున్నాయి. "తీయ్!" అని తన వేళ్ళనే కసురుకుంది. నాలుగో మలుపులో కింద సముద్రం తెరుచుకుంది, బొమ్మపడవల్లా చేపల పడవలు. తొంభై మూడు. బొటనవేలు కాస్త నొక్కితే బండి నెమ్మది, కాస్త వదిలితే పరుగు. ఒక్క వేలితో కొండని ఆడిస్తోంది తను! ఆరో మలుపు దాటాక పట్టలేక గట్టిగా నవ్వేసింది. తొంభై అయిదు. పిల్లలు కాసులు దాచుకున్నట్టు ఒక్కొక్క అంకే దాచుకుంటూ దిగింది. ఏడో మలుపు దగ్గర ఆ బండరాయి కనిపించింది. అక్కడ మాత్రం నవ్వలేదు, నడక వేగానికి తెచ్చుకుని దాటింది.

తొమ్మిదో మలుపు, పదో మలుపు. తొంభై తొమ్మిది శాతం. పదకొండో మలుపులో మీట పట్టు సగానికి పడిపోయింది. తోర్గున్ ఆదరాబాదరా పెద్దలైటు వేసింది, చేతులు వెచ్చబెట్టే హ్యాండిళ్ళు వేసింది, హారన్ మీద చెయ్యి పెట్టి తియ్యలేదు. ఆవగింజంత ఖర్చు, అయినా ఖర్చేగా. హారన్ మోగించుకుంటూ పన్నెండో మలుపు తిరిగేసరికి సైడ్ కారు చక్రం నేల వదిలి మళ్ళీ పడింది. మీట పూర్తిగా వదులైంది. తెర మీద నూరు.

ముందు డెబ్భై అడుగుల వాలు, ఆ తర్వాత వంతెన, వంతెన అవతల పాల గది దాకా ఎగుడు. బ్రేకు నొక్కితే ఇంత దూరం వచ్చిందంతా ఇక్కడ కాలిపోతుంది. ఆ ఎగుడు కనిపించగానే ఆమెకి రేవు గుర్తొచ్చింది. ఓడని ఆపేది ఇంజను ఒక్కటే కాదు. ఎక్కడ వదిలేస్తే ఎక్కడికి వచ్చి ఆగుతుందో తెలిసినవాడు కూడా ఆపగలడు.

వదిలేసింది.

"తప్పుకో బాబాయ్!"

దుంగలు ఉరిమాయి. అన్ఫిన్ టోపీ ఎగిరిపోయింది. బండి వంతెన దాటి ఎగుడెక్కి, ఒగరుస్తూ ఒగరుస్తూ నెమ్మదించి, పాల గది మెట్ల ముందు దాదాపు నిలబడింది. వెనక్కి జారకుండా ఆమె ఒకే ఒక్కసారి బ్రేకు పట్టుకుంది.

అన్ఫిన్ ఎగుడెక్కి వచ్చేసరికి ముఖం ఎర్రగా కందిపోయి ఉంది.

"నీకు మతి ఉందా? చంపేదానివి!"

"మీట చివర్లో వదిలేసింది బాబాయ్. బ్యాటరీ నిండిపోయింది. పైన కూడా నిండిపోయే ఉంది, వాఫెల్స్ కాల్చి ఖాళీ చేశా. తప్పు నాదే. నిండు బ్యాటరీతో ఈ కొండ దిగకూడదని నాకు ముందే తెలిసుండాలి. ఇక మీదట పైన ముప్పాతిక దాటి నింపం. ఇదీ జరిగిన సంగతి. ఇప్పుడు చెయ్యి పెడతావో, పెట్టవో నీ ఇష్టం."

ఆమె ఒక్క ముక్క దాచలేదు. అన్ఫిన్ కష్టం మీద మోకాలు వంచి కూర్చుని, కుడి అరచెయ్యి తెరిచాడు. ఆ చెయ్యి గాల్లో ఆగిపోయింది. తోర్గున్ చూపు తిప్పుకుంది. ఆ పెద్దాయన్ని అలా చూడటం తన వల్ల కాలేదు.

"ఒకటి" అన్నాడు అన్ఫిన్.

ఆమె తిరిగి చూసింది. మచ్చ ఉన్న అరచెయ్యి డిస్కు మీద ఉంది.

"రెండు. మూడు." నత్త నడకన లెక్కపెడుతున్నాడు. ఐదు దగ్గర ఆయన ముఖం ముడుచుకుంది. ఆరు. ఏడు. పది వచ్చింది. చెయ్యి తియ్యలేదు. పదకొండు, పన్నెండు అంటూ పోతూనే ఉన్నాడు. ఇరవై దాటాక లెక్క ఆపి అలాగే కూర్చున్నాడు, చెయ్యి అక్కడే ఉంచి.

"గోరువెచ్చగా ఉందమ్మాయ్" అన్నాడు. "మా వాడికి ఇలాంటిది ఉండుంటే..." లేచి, నడుముకున్న గుత్తిలోంచి ఒక తాళంచెవి విడదీసి ఆమె చేతిలో పెట్టాడు. "వంతెన మీద ఇంకోసారి ఆ వేగం కనిపించిందా, ఇదే చెయ్యి నీ వీపు మీద పడుద్ది." అని టోపీ వెతుక్కుంటూ పాలు పిండుకోవడానికి పోయాడు. నాలుగున్నరకి ఇంకా ఐదు నిమిషాలుంది.

తోర్గున్ ఫోన్ తీసింది.

"అక్కా! తాళంచెవి వచ్చేసింది! నా చేతిలో ఉంది!"

అవతల గిన్నెలు కడుగుతున్న చప్పుడు.

"వింటున్నావా? ఆ బేరగాడికి వెంటనే ఫోన్ చెయ్యి, రావద్దని చెప్పు."

"చెప్పేశానే" అంది బోర్గిల్.

"ఎప్పుడు?"

"పొద్దున. నువ్వు మా వాకిట్లో బండి దిగి, పార పట్టుకుని అటు వెళ్ళగానే."

తోర్గున్ వెళ్ళి సైడ్ కారు అంచున రాళ్ళ పక్కన కూర్చుంది.

"మరి నేను ఓడిపోయుంటే? ఏం చేసేదానివి?"

"ఏముంది, చీజ్ వీపున కట్టుకుని కుంటుకుంటూ దిగేదాన్ని. నా చెల్లెలు చలికాలమంతా నిద్ర మానుకుని బండి కడితే, అది ఓడిపోద్దని ముందే మేకల్ని బేరం పెట్టి ఉంచుకోనా?"

ముప్పై ఆరేళ్ళు ఇంజను మోతలో ఎవరికీ వినపడకుండా బతికిన మనిషి, పాల గది ముందు, పట్టపగలు, నలుగురూ నడిచే దారిలో పెద్దగా ఏడ్చేసింది.

"ఏడవకే" అంది బోర్గిల్, తనూ ఏడుస్తూ. "వచ్చేటప్పుడు పిండి పట్టుకురా. ఇక్కడ చిటికెడు కూడా మిగల్లేదు."